పిలవని పేరంటం

మా గోలేటిలో తలుపు తట్టకుండా ఇంట్లోకి వచ్చేది ఒకప్పుడు బొగ్గుదుమ్ము ఒక్కటే. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే కిటికీ రెక్కలు ఒకసారి గలగలమంటాయి. కాసేపటికి దండెం మీది తెల్లచొక్కాకు సన్నగా నల్లని నూగు పడుతుంది. దీనికి మా శ్రీమతి దగ్గర మందు ఉంది. తలుపులు బిగిస్తుంది, తడిగుడ్డ పెడుతుంది, గని మేనేజరు మొదలుకొని నా వరకూ వరసగా అందరినీ నాలుగు మాటలంటుంది. ఇల్లు శుభ్రపడుతుంది. కాని ఈ పదిహేనేళ్ళుగా ఇంకొకటి కూడా వస్తోంది. దానికి తలుపులు అడ్డం కావు, తడిగుడ్డకు అది లొంగదు. తెల్లవారి ఫోను తెరిస్తే చాలు, రాత్రి మనం నిద్రపోతున్నంతసేపూ మన పేరిట దిగిన ఉత్తరాలు బారులు తీరి ఉంటాయి. పిలవని పేరంటాళ్ళు పందిట్లో ముందు వరసలోనే కూర్చున్నట్టు, అసలు చుట్టాలను వెనక్కి నెట్టి మరీ కూర్చుంటాయి.

ఒకరు నాకు అప్పు ఇస్తామంటారు. నేను అడగలేదు. ఒకరు బట్టతల మీద జుట్టు మొలిపిస్తామంటారు. ఆ అవసరం ఇంకా రాలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఎక్కడో దూరదేశంలో వారసులు లేకుండా కన్నుమూసిన కోటీశ్వరుడి ఆస్తికి, భూమండలం మీద ఇంతమంది ఉండగా, గోలేటిలో కాపురముంటున్న తెలుగు పంతుల్నే ఎన్నుకున్నామని ఒక వకీలు రాస్తాడు.

అన్నిటికన్నా నాకు ముచ్చట గొలిపేవి పండిత పత్రికలవారి ఆహ్వానాలు. కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సులో ప్రబంధ నాయికల విరహం మీద వ్యాసం చదివాను. దాని ఇంగ్లీషు శీర్షికలో 'హార్ట్' అన్న మాట పడింది. సదస్సువారు నా ఈమెయిలు చిరునామాతో సహా దాన్ని ఇంటర్నెట్టులో పెట్టారు. ఇక చూసుకోండి. గుండెజబ్బుల పత్రిక ఒకటి నన్ను పట్టుకుంది. హృదయ విషయంలో తమరి విశిష్ట కృషికి మేము పరవశులమైనాము, మా సంపాదక వర్గంలో చేరి మమ్మల్ని ధన్యుల్ని చెయ్యండి, రుసుము మాత్రం డాలర్లలో చెల్లించండి అని రాస్తారు. మా శ్రీమతి సంస్థ ఆసుపత్రిలో నర్సు. ఆ ఉత్తరం చదివి, "చేరండి, ఏముంది? బీపీ చూడటం నేను నేర్పిస్తాలెండి" అంది.

ఇంతవరకూ నవ్వులాటే. కాని ఈ ఉత్తరాలన్నీ నవ్వించి పోయే రకం కావు. మా బొగ్గుబావుల వైపు వీటి మూలాన జరిగే కష్టం ఎలాంటిదో చెప్పాలనే ఈ వ్యాసానికి కూర్చున్నాను.

ముందు ఆ పేరు సంగతి. మాటల పుట్టుక వెతకడం మా వృత్తిలో ఉన్న జబ్బు కనుక పాఠకులు మన్నించాలి. ఈ పిలవని ఉత్తరాలను 'స్పామ్' అంటారు గదా. అది 1937లో హార్మెల్ అనే అమెరికా కంపెనీవారు డబ్బాలో పెట్టి అమ్మిన పందిమాంసం పేరు. 1970లో ఇంగ్లండు టెలివిజనులో మాంటీ పైథాన్ అనే హాస్య బృందంవారు ఒక నాటిక వేశారు. అందులో ఒక హోటలు ఉంటుంది. ఏం తింటారన్నా స్పామే. వద్దన్నా స్పామే. పక్క బల్లవాళ్ళు అదే మాటను కోరస్‌గా పాడుతూ ఎవరి మాటా ఎవరికీ వినపడనియ్యరు. కావలసిన మాటను అక్కర్లేని మాట ముంచెయ్యడం అన్న భావం అక్కడి నుంచి వచ్చింది. పేరు పెట్టినవాడెవడో గాని సార్థకనామధేయం.

పేరు కొత్తదే అయినా పని కొత్తది కాదు. 1864లో ఒక సాయంత్రం లండనులో కొందరు పెద్దమనుషుల ఇళ్ళకు తంతి వచ్చింది. తంతి అంటే ఆ రోజుల్లో గుండె దడదడలాడే వ్యవహారం. మన దేశంలో కూడా 2013 జులైలో తంతి సర్వీసు మూసేసేదాకా ముసలివాళ్ళకు ఆ మాట వింటే భయమే. ఆ లండను దొరలు వణికే చేతులతో విప్పి చూస్తే, గేబ్రియల్ అనే పళ్ళ డాక్టర్లు ఫలానా వేళల్లో తమ దుకాణంలో దొరుకుతారని అందులో ఉంది! ఒకాయన మండిపడి 'టైమ్స్' పత్రికకు లేఖ రాశాడు. కంప్యూటర్ల మీద మొదటిది 1978 మే నెలలో. గారీ థర్క్ అనే అమెరికా కంపెనీ ఉద్యోగి తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని నాలుగు వందల మందికి కొంచెం తక్కువగా ఒకేసారి ఉత్తరం పంపాడు. చీవాట్లు తిన్నాడు. యంత్రాలు కూడా అమ్ముకున్నాడు. ఆ రెండో సంగతే కొంప ముంచింది. 1994 ఏప్రిల్‌లో ఆరిజోనాకు చెందిన వకీలు దంపతులు కొన్ని వేల చర్చావేదికల్లో ఒకే ప్రకటన గుప్పించారు. దేన్ని గురించి అనుకున్నారు? గ్రీన్‌కార్డు లాటరీ గురించి. ఆ మాట వింటే మన తెలుగు ఇళ్ళలో చెవులు రిక్కించనివారు ఎవరు?

అయితే లండను దాకా, ఆరిజోనా దాకా వెళ్ళడం ఎందుకు? మన ఇళ్ళకు రాలేదూ ఇలాంటివి? పోస్టుకార్డు పదిహేను పైసలున్న రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో తప్పకుండా వచ్చేవి. పంపినవారి పేరుండదు. ఫలానా క్షేత్రంలో పూజారికి స్వామి పాము రూపంలో సాక్షాత్కరించాడు. ఈ సంగతి ఇంతమందికి రాసి పంపినవాడికి లాటరీ తగిలింది. అబద్ధమని చించేసినవాడికి వారం తిరక్కుండా కొడుకు పోయాడు. మీరూ రాయండి. సంతల్లోనూ, బస్సుల్లోనూ ఇదే విషయం కరపత్రాలుగా పంచేవారు. మా అమ్మ ఆ కార్డును చించడానికి భయపడేది, రాసి పంపడానికి బద్ధకించేది. చివరికి దేవుడి పటాల వెనక దోపేది. పండగకు పటాలు తుడిచినప్పుడల్లా నాలుగైదు కార్డులు రాలేవి.

ఎమ్మేలో చేరాక ఆ కార్డులు గుర్తుకొచ్చి ఆశ్చర్యపోయాను. వాటిని రాసినవాడు మన వ్రతకథల అచ్చును క్షుణ్ణంగా ఎరిగినవాడు. చేసినవాడికి కలిగిన లాభం, మానినవాడికి వచ్చిన కష్టం, ఆఖరున ఫలశ్రుతి. భక్తి తీసేసి అచ్చు మాత్రం ఉంచుకున్నాడు. ఇవాళ నా ఫోనుకు వచ్చే ఉత్తరాల్లోనూ అదే అచ్చు. 'మీకు బహుమతి వచ్చింది' అన్నది ఆశ. 'మీ ఖాతా నిలిపివేయబడును' అన్నది భయం. పాతకార్డుకు లేని అంగం ఒకటి కొత్తగా చేరింది, 'ఇరవై నాలుగు గంటల్లోగా' అన్న తొందర. ఆ తొందరే ప్రమాదం. మా అమ్మకు పటాల వెనక దోపి ఆలోచించుకోవడానికి ఏడాది గడువుండేది.

ఇంత పని పెట్టుకుని వాళ్ళకు ఏం గిడుతుందని అడుగుతారా? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఇలాంటి ఉత్తరాలు వెదజల్లే ఒక దొంగ యంత్రాంగంలోకి తామే చొరబడి లెక్క చూశారు. దాదాపు 35 కోట్ల ఉత్తరాలు పోతే, కొనబోయినవాళ్ళు 28 మంది. ఇరవై ఎనిమిది కోట్లు కాదండీ, ఇరవై ఎనిమిది మనుషులు! పోస్టుకార్డయితే పదిహేను పైసల చొప్పున వాడు దివాళా తీసేవాడు. ఈమెయిలుకు బిళ్ళ ఖర్చు లేదు. పైగా పంపేది వాడి కంప్యూటరు కూడా కాదు. వైరస్ పట్టిన మనలాంటివాళ్ళ కంప్యూటర్లు మనకు తెలియకుండానే వాడికి వెట్టి చేస్తాయి. ఆ ఏడు నవంబరులోనే కాలిఫోర్నియాలో మెక్‌కోలో అనే ఒక్క కంపెనీకి ఇంటర్నెట్టు తీగ కత్తిరిస్తే, ప్రపంచం మొత్తం మీద ఈ చెత్త సుమారు మూడింట రెండు వంతులు ఒక్కసారిగా పడిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ లేచిందనుకోండి.

ఈ ఉత్తరాల్లో ఒకప్పుడు భాష బహు కంగాళీగా ఉండేది. 'ప్రియమైన లబ్ధిదారుడు, మీరు నిధిని గెలుచుకొనబడ్డారు' వంటి వాక్యాలు చూసి, కర్మణి ప్రయోగానికి పట్టిన గతికి విచారించి, నొక్కి పారేసేవాణ్ణి. మైక్రోసాఫ్టులో పనిచేసిన కోర్మాక్ హెర్లీ అనే పరిశోధకుడు 2012లో దీనికి ఒక చిత్రమైన కారణం చెప్పాడు. ఆ మోటుతనం చేతగాక వచ్చింది కాదట, దానివల్ల వాడికి లాభం ఉందట. తెలివైనవాడు మొదటి వాక్యంలోనే తప్పుకుంటాడు. అది కూడా నమ్మేవాడు మిగులుతాడు. మోసగాడికి వాడే కావాలి. ఇప్పుడు ఆ భరోసా కూడా పోయింది. రెండు మూడేళ్ళుగా మాటలల్లే యంత్రాలు వచ్చాక, నా విద్యార్థులకన్నా చక్కని తెలుగులో దొంగ ఉత్తరాలు వస్తున్నాయి. విరామచిహ్నాలు కూడా ఉన్నచోటే ఉంటున్నాయి. భాషను బట్టి దొంగను పట్టే విద్య ఇక తెలుగు పంతులికి కూడు పెట్టదు.

మరి దేన్ని బట్టి పట్టాలి? నాకు ఈ సంగతి బాగా బోధపరచినవాడు పుస్తకాల మనిషి కాదు. మా వరసలో కొడుకు క్వార్టరులో ఉంటున్న ఒక పెద్దాయన. గనిలో సర్దారుగా చేసి దిగిపోయాడు. నేను 'కాకా' అంటాను. ఒకనాటి సాయంత్రం నేను కళాశాల నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోను పట్టుకుని వచ్చాడు. చెయ్యి వణుకుతోంది.

"సారూ, ఒక్కపాలి గిది జూడుండ్రి. నా పింఛిని బందువెడ్తరట. రేపటికల్లా గీ నీలం గీత నొక్కి బ్యాంకు నంబరు గొట్టాల్నట."

బొగ్గుగని పింఛనుదారులు ఏటా తాము బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చుకోవాలి. అది ఇచ్చే రోజులు చూసుకునే ఆ ఉత్తరం వచ్చింది. పైన పింఛను కార్యాలయం పేరుంది, సింహాల ముద్ర ఉంది, కింద అధికారి సంతకం ఉంది.

"ఆగు కాకా, దాని మీద వేలు పెట్టకు. ఎవరు పంపిండ్రో ముందు చూద్దాం" అన్నాను.

పంపినవారి పేరు మీద నొక్కితే దాని వెనక అసలు చిరునామా విచ్చుకుంటుంది. ప్రభుత్వ కార్యాలయాలవి సాధారణంగా జీవోవీ డాట్ ఇన్ అనో, ఎన్ఐసీ డాట్ ఇన్ అనో ముగుస్తాయి. ఇది ఏదో పూలదుకాణం పేరుతో మొదలై, ఏ దేశానిదో తెలియని తోకతో ముగిసింది. నీలం గీతను వేలితో కాసేపు అదిమి పట్టి ఉంచితే, తెరుచుకోకుండానే అది ఎక్కడికి పోతుందో కనిపిస్తుంది. అదీ ఇంకో ఊరి దారే.

కాకా చాలాసేపు చూశాడు. తరువాత అన్నాడు, "గంతేనా సారూ! గిది మా కప్పు కొట్టి జూసినట్టే."

గనిలో సర్దారు పని అదే. కార్మికులు పనిచోటికి పోయే ముందు కర్రతో పైకప్పును కొట్టి చూస్తాడు. రెండో చేతిని కప్పుకు ఆనించి ఉంచుతాడు. గట్టిదైతే ఠంగుమని మోగుతుంది. లోపల విడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుంది, ఆనించిన చేతికి అదురు తెలుస్తుంది. చూడటానికి రెండూ ఒకే రాయి. "కండ్లతోని జూస్తె మంచిగనే ఉంటది సారూ. మంచిగున్నదని కిందికి పోయినోడే పోయిండు" అన్నాడు కాకా. ముద్ర, సంతకం కళ్ళకు కనిపించేవి. చిరునామా కొట్టి చూస్తే గాని తెలియనిది. నలభై ఏళ్ళ పాఠాలు చెప్పే అనుభవం వచ్చినా ఇంత సుళువుగా నేను చెప్పలేనేమో.

అయితే కాకా ఫోనులో ఆ ఉత్తరం దిగడానికి దారి ఎక్కడిదని విచారిస్తే, మా ఊళ్ళ అసలు జబ్బు బయటపడింది. ఆయనకు ఈమెయిలు ఉన్నదనే సంగతి ఆయనకే సరిగా తెలియదు. ఏదో దరఖాస్తుకు కావలసి వచ్చినప్పుడు ఇంటర్నెట్టు సెంటరు కుర్రవాడు ఒకటి పుట్టించి, రహస్యపదాన్ని బ్యాంకు పాసుపుస్తకం అట్ట వెనక రాసి ఇచ్చాడు. ఆయన పేరు, వెనక 123. ఆ సెంటరులో ఇలా పుట్టినవాళ్ళందరి రహస్యపదమూ అదే అచ్చు. కొందరికి అసలు వేరే చిరునామా కూడా ఉండదు. సెంటరువాడి సొంత చిరునామానే పదిమంది దరఖాస్తుల మీద ఎక్కుతుంది. కారుణ్య నియామకం కాగితమైనా, పిల్లవాడి స్కాలర్‌షిప్పు సంగతైనా వాడి పెట్టెలోకే పోతుంది. ఆ కుర్రవాడు మంచివాడే, పాపం. కాని మన ఇంటి తాళంచెవి ఊరి కిళ్ళీకొట్టులో వేలాడుతుంటే దొంగను తిట్టి ఏం లాభం? మా శ్రీమతి సాయంతో ఒక ఆదివారం కాకాకు కొత్త రహస్యపదం పెట్టి, ఎవరైనా కొత్త యంత్రం నుంచి తెరవబోతే ఆయన ఫోనుకు కబురు వచ్చే ఏర్పాటు చేశాం. రెండంచెల తాళం అన్నమాట. రహస్యపదం ఆయనకు గుర్తుండేదే, ఆయన చేసిన గనుల్లో ఒక పాత సీము సంగతి. ఇంతకన్నా చెప్పను.

ఇక జల్లెడ సంగతి. ఈ ఉత్తరాలను మనకన్నా ముందు ఏరిపారేసే యంత్రం ఒకటి ప్రతి ఈమెయిలు కంపెనీ దగ్గరా ఉంది. దాని మూలం 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఉండిన థామస్ బేయీస్ అనే మతాచార్యుడి గణితం. ఆయన పోయిన తరువాత 1763లో ఆ వ్యాసం అచ్చయింది. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు దాన్ని ఉత్తరాలకు ఎలా వాడాలో వివరంగా రాసి అందరి నోళ్ళలోనూ పెట్టాడు. సంగతి సులభం. మంచి ఉత్తరాలు ఒక కుప్ప, చెత్త ఉత్తరాలు ఒక కుప్ప పోసి, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు వస్తోందో యంత్రం లెక్కపెడుతుంది. 'లాటరీ' అన్న మాట చెత్తవైపు బరువు. 'సిలబస్' అన్న మాట, మా అదృష్టం కొద్దీ, మంచివైపు బరువు. కొత్త ఉత్తరం రాగానే మాటలన్నీ తూచి మొగ్గు ఎటుందో చూస్తుంది. ఇప్పటి జల్లెడలు ఇంకా చాలా చూస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వారు ఒక నియమం పెట్టారు. మూకుమ్మడిగా ఉత్తరాలు పంపేవాళ్ళు తాము ఎవరో సాంకేతికంగా రుజువు చూపాలి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలు ఇవ్వాలి. గనిలో దిగేవాడు ల్యాంపురూములో నంబరు బిళ్ళ చూపాలన్నట్టు.

గూగుల్ వారు తామే చెప్పుకున్న లెక్క ప్రకారం రోజుకు దాదాపు 1,500 కోట్ల అక్కర్లేని ఉత్తరాలను ఆపుతున్నారు, వెయ్యింటికి 999కి పైగా. మెచ్చుకోవలసిందే. కాని బెల్టు మీద పోతున్న బొగ్గులోంచి రాయిని ఏరేవాడి చేతిలో అప్పుడప్పుడు మంచి బొగ్గు కూడా రాళ్ళలోకి పడుతుంది. దాన్ని గురించి ఎవరూ ప్రకటన ఇవ్వరు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఉంది. తండ్రి జనరల్ మజ్దూరు. డిగ్రీ పూర్తి చేసి ఒక సంస్థలో ఉద్యోగానికి పరీక్ష రాసింది, నెగ్గింది. ఇంటర్వ్యూకు పిలుపు రావాలి. రోజూ ఫోను చూసుకునేది. ఇన్‌బాక్సులో చీరల బేరాలు, అప్పుల కబుర్లు, ఏవో పందేల ఆహ్వానాలు. పిలుపు లేదు. నెలాఖరుకు ధైర్యం చేసి వాళ్ళకు ఫోను చేస్తే, "పంపాం గదమ్మా, మీరు రాలేదు" అన్నారు. నా దగ్గరకు వచ్చింది. స్పామ్ అని పక్కన ఒక పెట్టె ఉంటుందని, అందులో చూడమని అన్నాను. అటువంటి పెట్టె ఉంటుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. తెరిస్తే, బట్టతల నూనెకూ కోటీశ్వరుడి ఆస్తికీ మధ్య, ఆ ఉత్తరం ఉంది. ఇంటర్వ్యూ తేదీ వెళ్ళిపోయి నాలుగు రోజులైంది. జీమెయిలు ఆ పెట్టెలోని ఉత్తరాలను 30 రోజుల తరువాత తానే చెరిపేస్తుంది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఉత్తరం వచ్చిందన్న సంగతి కూడా తెలియకుండా పోయేది. అప్పుడు నయమో, ఇప్పుడు నయమో నేను చెప్పలేను. సంస్థవారికి వివరంగా మెయిలు రాయించాను. జవాబు రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడు మంచిర్యాలలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ, పరీక్షలు రాస్తూనే ఉంది.

అప్పటినుంచి మా తరగతిలో ఛందస్సు మొదలుపెట్టే ముందు ఒక గంట ఈ పాఠం చెబుతున్నాను. ప్రిన్సిపాలుగారు సిలబస్‌లో లేదంటే, లేఖారచన కింద వస్తుందని సర్దిచెప్పాను.

పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతాను. ఒక మనిషికి ఒక చిరునామా చాలదు. రెండు పెట్టుకోండి. ఉద్యోగం, చదువు, బ్యాంకు, పింఛను ఒకదానికి. అది అడిగిన ప్రతి దుకాణంవాడికీ చెప్పకండి. బిల్లు కట్టేచోట కౌంటరు కుర్రవాడు ఈమెయిలు అడిగితే, లేదని చెప్పినంత మాత్రాన చీర ఇవ్వననడు. కొనుగోళ్ళకూ, ఆటలకూ, కూపన్లకూ రెండోది. జీమెయిలులో ఇంకొక కిటుకుంది. మీ పేరు తరువాత కూడిక గుర్తు పెట్టి, ఆ దుకాణం పేరు చేర్చి ఇస్తే, ఉత్తరం మీకే వస్తుంది. రేపు ఆ కూడిక చిరునామాకు అప్పుల కంపెనీ ఉత్తరం రాస్తే, మన పేరు అమ్ముకున్నదెవరో తెలిసిపోతుంది. నేను ఇలా ఇద్దర్ని పట్టాను. పేర్లు రాయను గాని ఒకరు మిఠాయిలు అమ్ముతారు.

అక్కర్లేని ఉత్తరాన్ని ఊరికే చెరిపేస్తే జల్లెడకు ఏమీ తెలియదు. స్పామ్ అని చెప్పే బొత్తాము నొక్కండి, అది నేర్చుకుంటుంది. మీరు ఎరిగి చేరిన దుకాణం జాబితా అయితే, తప్పుకునే గీత నొక్కవచ్చు. ముక్కూమొహం తెలియనివాడు 'తప్పుకోవాలంటే ఇక్కడ నొక్కండి' అంటే మాత్రం నొక్కకండి. ఈ ఇంట్లో మనుషులున్నారని వాడికి మీరే చెప్పినట్టవుతుంది. ఉత్తరంలోని బొమ్మలు కూడా ఇదే పని చేస్తాయి. కంటికి కనిపించని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారు. ఉత్తరం తెరవగానే ఆ బొమ్మ వాడి దగ్గరి నుంచి దిగవలసి రావడంతో, మీరు తెరిచిన సంగతి వాడికి తెలుస్తుంది. సెట్టింగుల్లో బయటి బొమ్మలు చూపే ముందు అడగమని పెట్టుకుంటే పోతుంది. ఇక పెళ్ళి కబురైనా, కళాశాల సర్క్యులరైనా రెండు వందల మందికి పంపేటప్పుడు అందరి చిరునామాలూ అందరికీ కనిపించేట్టు పెట్టే అలవాటు దయచేసి మానండి. చాటు ప్రతి పంపే గడి ఒకటి ఉంటుంది, బీసీసీ అని, చిరునామాలు అందులో వెయ్యండి. రెండు వందల మందిలో ఒక్కడి ఫోనుకు చీడ పట్టినా మిగతావాళ్ళ చిరునామాలన్నీ సంతకెక్కుతాయి.

ఉద్యోగం ఇప్పిస్తామన్న ఉత్తరాల గురించి మా బెల్టులో వేరే చెప్పాలి. సింగరేణిలో కొలువంటే ఇక్కడ ఇంటికి దీపం. అందుకే ఆ పేరుతో వల వేస్తారు. దళారులను నమ్మవద్దని సంస్థ పలుమార్లు ప్రకటనలు ఇచ్చింది. ఉద్యోగ ప్రకటన నిజమో కాదో ఉత్తరంలో ఇచ్చిన గీత మీద నొక్కి కాక, సంస్థ వెబ్‌సైటును మనంతట మనమే తెరిచి చూసుకోవాలి. 'ముందు డిపాజిట్టు కట్టండి' అన్న మాట కనిపిస్తే, చిరునామా కొట్టి చూడవలసిన పని కూడా లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణాన 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. పంచాయితీలు, ఏడుపులు తరువాత. మొదటి గంటల్లో చెబితే డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది.

చట్టం ఏమంటుందని కొందరు అడుగుతారు. అమెరికావారు 2003లో ఒక చట్టం చేసుకున్నారు. మన దగ్గర స్పామ్ మెయిలు కోసమని ప్రత్యేక చట్టం లేదు. చిరాకు పెట్టే మెయిళ్ళ ప్రస్తావన సమాచార సాంకేతిక చట్టం 66ఏ సెక్షనులో ఉండేది. మాట్లాడే స్వేచ్ఛకు అది ముప్పని 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనునే కొట్టేసింది. కొట్టేయవలసిందే. దానితోపాటు ఈ ముక్కా పోయింది. మోసమైతే మోసం కింద కేసు పెట్టవచ్చు. చిత్రమేమిటంటే, ఆస్తి వారసత్వం ఉత్తరాలకు లోకమంతా 'నాలుగు వందల పంతొమ్మిది' అని పేరు పెట్టింది, నైజీరియా శిక్షాస్మృతిలో మోసం సెక్షను నంబరు అది. మనకు అదే అర్థంలో చార్సౌబీస్ ఉంది. మన సెక్షను నంబరు 2024 జులై 1 నుంచి మారిపోయింది గాని, తిట్టు మాత్రం మారలేదు. ఇక మాటల మనిషిని కనుక ఒకటి జ్ఞాపకం చేస్తాను. రెండేళ్ళలో స్పామ్ బెడద తీరిపోతుందని 2004 జనవరిలో బిల్ గేట్స్ అంతటివాడు అన్నాడు.

నా మటుకు నేను ఆదివారం పొద్దున్న కాఫీ తాగాక పావుగంట ఆ స్పామ్ పెట్టె తెరిచి పైనుంచి కిందికి చూస్తాను. విద్యార్థుల చేత కూడా వారానికొకసారి చూపిస్తున్నాను. మంచి ఉత్తరం కనబడితే 'ఇది స్పామ్ కాదు' అన్న బొత్తాము నొక్కి, పంపినవారిని చిరునామాల పుస్తకంలో చేర్చుకోవాలి. ఈ ఏడు ఒక విద్యార్థి హాల్‌టికెట్టు, ఇంకొకరి బ్యాంకు ఉత్తరం ఇలాగే దొరికాయి. కాకా కూడా చూపించుకోవడానికి వస్తాడు. ఫోను నా చేతిలో పెట్టి, ఒక్కొక్క ఉత్తరం దగ్గరా తల పక్కకు వంచి, చెవి పెట్టినట్టు నిలబడతాడు.

పోయిన ఆదివారం నా పెట్టెలో గుండెజబ్బుల పత్రికవారి ఉత్తరం మళ్ళీ ఉంది. ఇన్నాళ్ళూ సంపాదక వర్గంలో సభ్యత్వం ఇస్తామన్నవాళ్ళు, ఇప్పుడు ప్రధాన సంపాదకత్వమే ఇస్తామంటున్నారు. రుసుము కూడా సగానికి తగ్గించారు.